కనకరాజు పట్టిన పాకం

కనకరాజు నీళ్ళను చూసే తీరు వేరు. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తే వెంటనే తాగేవాడు కాదు. కిటికీ వెలుతురుకు ఎత్తి, మెల్లగా ఒకసారి తిప్పి, లోపలి సుడి ఆగేదాకా చూసేవాడు. ఆ తర్వాతే గొంతులో పోసుకునేవాడు. ఉప్పల్ చౌరస్తాలో చెరకు రసం బండి దగ్గర కూడా అలవాటు కొద్దీ గ్లాసు పైకెత్తితే, బండి అతను నవ్వేవాడు.

"పెద్దాయనా, అండ్ల ఏం కనవడది. తాగు."

కనకరాజూ నవ్వి తాగేసేవాడు. మర్నాడు మళ్ళీ అంతే.

అది నాచారం నేర్పిన అలవాటు. జగిత్యాల పక్క పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చినప్పుడు అతనికి మీసాలు కూడా సరిగా రాలేదు. పారిశ్రామికవాడలో సెలైన్ సీసాలు తయారుచేసే ఒక కంపెనీలో బస్తాలు మోసే పనిలో చేరాడు. గ్లూకోజు బస్తాలు మోసుకెళ్ళి పెద్ద స్టీలు ట్యాంకు పక్కన దించాలి. మూత తీసి పొడి పోస్తుంటే మొదట నీళ్ళు మబ్బుపట్టినట్టు తెల్లబడేవి. లోపల తెడ్డు తిరిగేకొద్దీ ఆ మబ్బు విడిపోయి, చివరికి ఏమీ పోయనట్టే తేటగా మిగిలేవి. అంత బరువు భుజాన మోసి తెచ్చినవాడికి అది మింగుడు పడలేదు. కెమిస్టు విజయభాస్కర్ ఒకరోజు అటుగా వస్తే ధైర్యం చేసి అడిగాడు.

"సార్, గంత పొడి ఏడికి వోయింది?"

"ఎక్కడికీ పోలేదయ్యా. నీళ్ళలోనే ఉంది. మన కంటికి కనపడనంత చిన్న చిన్నగా విడిపోయి, నీళ్ళ మధ్యలో సర్దుకుంది. పైనున్న చుక్కలో ఎంత తీపి ఉందో అడుగున ఉన్న చుక్కలోనూ అంతే."

"అడుక్కు దిగదా సార్, జర సేపయితె?"

"కలిసింది దిగదు. కలవనిదే దిగుతుంది."

విజయభాస్కర్ కోస్తా నుంచి వచ్చినవాడు, మంచివాడు, కానీ ఎప్పుడూ తొందరలో ఉండేవాడు. ఆ మాట చెప్పేసి వెళ్ళిపోయాడు. కనకరాజు మాత్రం ఆ సాయంత్రం గదికి వెళ్ళి గ్లాసు నీళ్ళలో చెంచాడు చక్కెర వేసి, కలపకుండా గూట్లో పెట్టి పడుకున్నాడు. పొద్దున్నే లేచి చూస్తే చక్కెర లేదు. పైనుంచి ఒక గుటక తాగితే కొద్దిగా తీపి తగిలింది. ఎవరూ కదపకుండానే పైదాకా పాకింది. గదిలో ఉండే మిగతావాళ్ళకు చెబితే, "నీకేమన్న పిచ్చా, మా చక్కెరంత ఖరాబు జేస్తున్నవ్" అన్నారు.

కొన్నేళ్ళకు అతన్ని సీసాలు పరీక్షించే విభాగంలోకి మార్చారు. కంటిచూపు బాగున్నవాళ్ళకే ఆ పని. వెనక సగం నల్ల బోర్డు, సగం తెల్ల బోర్డు, పైన ట్యూబులైటు. సీసాను తలకిందులు చేసి తిప్పి, లోపల ఏదైనా పలుకో పోగో తేలుతోందేమో చూడాలి. తెల్లటివి నల్ల బోర్డు ముందు దొరికిపోతాయి, నల్లటివి తెల్ల బోర్డు ముందు. కనిపిస్తే పక్కన పెట్టెయ్యాలి. మనిషి నరంలోకి వెళ్ళే నీళ్ళు అవి. చూసి చూసి కళ్ళు లాగేవి. మధ్య మధ్య లేచి బయట చెట్లవైపు చూసి రమ్మనేవాళ్ళు.

ఒక చలికాలం పొద్దున అతను భయపడిపోయిన సంగతి ఒకటుంది. తలకు దెబ్బ తగిలినవాళ్ళకు వాపు తగ్గడానికి ఎక్కించే మందు సీసాలు కొన్ని, ముందురోజు తేటగా ఉన్నవే, తెల్లారేసరికి అడుగున మెరిసే సూదుల్లాంటి పలుకులతో కనిపించాయి. తన కళ్ళే నిన్న మోసం చేశాయనుకున్నాడు. ఉద్యోగం పోయిందనుకుంటూ విజయభాస్కర్ దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఆయన ఒక సీసాను వేడినీళ్ళ బకెట్లో ముంచాడు. కాసేపటికి తీసి ఊపితే సూదులు లేవు.

"చెడిపోలేదు కనకరాజూ. ఇందులో మందు చాలా ఎక్కువ కలిపి ఉంటుంది. వెచ్చగా ఉన్నప్పుడు నీళ్ళు అంత మోయగలవు. చలికి మోయలేక కొంత వదిలేశాయి. మళ్ళీ వెచ్చబెడితే మళ్ళీ ఎత్తుకున్నాయి."

ఆ రోజు నుంచి పలుకు అనేదాన్ని కనకరాజు ఒక దొంగను చూసినట్టు చూశాడు. నీళ్ళలో అదెప్పుడూ పొంచి ఉంటుందని, కాస్త సందు దొరికితే బయటపడుతుందని నమ్మాడు. ఒక దుమ్ము కణం చాలు, గోకిన గీత చాలు. అందుకే అన్నీ కడగాలి, వడగట్టాలి, మళ్ళీ కడగాలి. రిటైరయ్యేదాకా అతని పని అదే.

పెళ్ళి మాత్రం అతన్ని దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, పలుకు కట్టించే ఇంట్లో పడేసింది. భార్య బాలనర్సమ్మది పాత ఉప్పల్. వాళ్ళ నాన్న బాలనర్సింహకు పొలం ఉన్నప్పుడు వ్యవసాయం, మాఘం దాటాక చక్కెర పేర్లు పోయడం. చక్కెర పేర్లంటే చక్కెర బిళ్ళల దండలు. కాముని పున్నమికి, అదే హోళీకి, పిల్లల మెడలో వేస్తారు. పిల్లలు రోజంతా వాటిని చప్పరిస్తూ తిరుగుతారు. చక్కెరను చిక్కటి పాకం పట్టి, మధ్యలో దారం పరిచిన చెక్క అచ్చుల్లో పోస్తే, చల్లారి పువ్వుల్లా, బిళ్ళల్లా గట్టిపడుతుంది. అచ్చు విప్పితే దండ. పొలం ప్లాట్లయిపోయింది. అచ్చులు మాత్రం బిడ్డకు దక్కాయి. బాలనర్సమ్మ అమ్మకానికి చెయ్యలేదు. చుట్టాలకు, వాడకట్టు పిల్లలకు పోసేది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆడబిడ్డకు పుట్టిన పాప మొదటి కాముని పున్నమికి, అమ్మమ్మ చేత్తో పోసిన దండే మెడలో పడాలి. కొన్నది వెయ్యరు.

మామ బాలనర్సింహ కొత్తల్లుడి చేతులు ఒకసారి చూసి తేల్చేశాడు. "అల్లుడా, పాకం నీతోని గాదు. నువ్వు దారాలు కొయ్యి."

అలా ప్రతి ఏడాదీ కనకరాజు పని దారాలు కొయ్యడమే. పాకం పెట్టే పూట అతను కంపెనీలో ఉండేవాడు, రిటైరయ్యాక కూడా అలవాటుగా ఏదో పని మీద బయటికి పోయేవాడు. ఇంటికొచ్చేసరికి దండేనికి పేర్లు వేలాడుతుండేవి, బాలనర్సమ్మ చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ కూర్చుని ఉండేది.

బిడ్డ శిరీషకు నెల తప్పిందని బోడుప్పల్‌లోని ఆమె అత్తవారింటి నుంచి ఫోను వచ్చిన రోజున బాలనర్సమ్మ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. "కాముని పున్నమికి పిల్ల మెడ నిలవెడ్తదా లేదా? నిలవెడ్తది. మొదటి పేరు సన్నగ పోస్త, బరువు గాకుండ" అంది. ఆ వానాకాలంలోనే జ్వరంలా మొదలై, దవాఖానాకు తీసుకెళ్ళేసరికి మించిపోయి, ఆమె వెళ్ళిపోయింది. పాప పుట్టింది దసరా వెళ్ళాక. పుట్టిన పాప ముఖం చూసి కనకరాజు వంగి, కప్పిన బట్ట సవరించి, బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

చలి తగ్గి, ఎండ కాస్త చురుక్కుమనడం మొదలైన రోజుల్లో అతను అటక మీది నుంచి అచ్చుల మూట దించాడు. అమ్మమ్మ లేదు. తాత ఉన్నాడు. మొదటి పేరు ఆ ఇంటి అచ్చుల్లోనే పడాలి, అది తన చేత్తోనే అయినా సరే. అంతకు మించి ఆలోచించలేదు.

మరదలు ఉప్పలమ్మకు ఫోను చేశాడు. ఆమె బాలనర్సమ్మ చెల్లెలు, రెండు వీధుల అవతల ఉంటుంది. చిన్నప్పుడు అక్కతో పాటు తండ్రి దగ్గర పాకం చూసింది.

"ఏంది బావ, అక్క వోయి ఏడాది ఎల్లలే. ఇంట్ల పండుగ జేస్తవా?"

"నేను పండుగ జేస్తలేను. పిల్లకు పేరు పోస్తున్న."

"అదే పండుగ. జనం ఏమంటరు? బోడుప్పలోళ్ళు ఏమనుకుంటరు? మైల ఇంట్లకెంచి తీపి తెచ్చి పసిపిల్ల మెడల ఏసిండనుకోరా?"

"అల్లునికి చెప్పిన. అమ్మనడిగి చెప్త మామా అన్నడు."

"చెప్పిండా మరి?"

"ఇంక చెప్పలే."

"ఆహా. అంటె వాళ్ళకు ఇష్టం లేనట్టే గద. నువ్వు చేస్తె చెయ్యి బావ, నేనయితె రాను, ఏడాది ఎల్లేదాక అచ్చు ముట్టను." ఫోను పెట్టేసింది.

కనకరాజు ఫోను పక్కన పెట్టి, మూట విప్పాడు. టేకు చెక్క అచ్చులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. గాడుల్లో ఎప్పటిదో తెల్లటి పొడి పట్టి ఉంది. అతనికి అది నచ్చలేదు. పసిపిల్ల నోట్లో పెట్టుకునేది. వేడినీళ్ళు పెట్టి, పాత బ్రష్షుతో ప్రతి పువ్వు రేకూ తోమి కడిగాడు. మళ్ళీ కడిగాడు. కిటికీ దగ్గర ఎత్తి చూసి, ఇంకొక చోట తెల్లగా కనిపిస్తే అదీ గీకేశాడు. దారాలను ఉడకబెట్టి ఆరేశాడు. చక్కెర నీళ్ళు మరుగుతుంటే కొన్ని పాలు పోసి, మురికి తెట్టులా పైకి తేలితే తీసేశాడు. అది అందరూ చేసేదే. ఆపైన పలచటి బట్టను మడత మీద మడత వేసి పాకాన్ని వడగట్టాడు, మళ్ళీ వడగట్టాడు. పాకం తీగ సాగే వేళకు ఒక సంగతి గుర్తుకొచ్చింది. బాలనర్సమ్మ పొయ్యి దగ్గర నుంచి, "ఇగో, జర నిమ్మకాయ కోసియ్యి" అని కేకేసేది. అతను కోసిచ్చేవాడు, ఆమె పాకంలో పిండేది. ఆమె చెయ్యి తిరిగిన తీరు కూడా కళ్ళ ముందు కదిలింది. నిమ్మకాయ కోసి, గింజలు తీసి, తనే పిండాడు.

గోడవారగా అచ్చులు నిలబెట్టి, దారాలు పరిచి, తాళ్ళతో బిగించి పాకం పోశాడు. మధ్యాహ్నం భోంచేసి, కాస్త నడుము వాల్చి, లేచి ఒక అచ్చు విప్పాడు. పాకం తేనెలా గచ్చు మీదికి జారింది. దారం తడిసి పురుగులా వేలాడింది. మిగతావీ అంతే. తుడిచేలోపు చీమలకు ఎవరు చెప్పారో ఏమో, గడప అవతల బారు కట్టాయి.

నీళ్ళు ఎక్కువయ్యాయేమో అనుకున్నాడు. మర్నాడు ఇంకా ఎక్కువసేపు మరిగించాడు. నిమ్మకాయ మాత్రం మరవలేదు. ఈసారి గట్టిపడింది. అయితే బిళ్ళలా కాదు, గాజులా. అచ్చును వదలలేదు. కత్తి మొనతో లాగితే పెచ్చులుగా ఊడింది, పువ్వు ఆకారం లేదు, చేతికి బంకలా అంటుకుంది. ఒక పెచ్చును కిటికీకి ఎత్తి చూశాడు. లోపల ఒక్క నలుసు లేదు. అవతలి వేపకొమ్మ ఆకులతో సహా కనిపించింది. ఇన్నేళ్ళ పనిలో ఇంత తేటది చూడలేదనిపించి, ఒక క్షణం సంతోషించాడు. వెంటనే అలా సంతోషించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. పున్నమి దగ్గర పడుతోంది. అల్లుడి నుంచి ఫోను లేదు. పెచ్చులన్నీ ఒక గిన్నెలో వేసి, పక్కన కూర్చుని, చేతులకంటిన బంకను గోటితో గీకుతూ ఉండిపోయాడు.

మూడో రోజు పొద్దున కడాయి పొయ్యి మీద పెట్టాడో లేదో, వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. ఉప్పలమ్మ వచ్చింది. చీరకొంగు నడుముకు దోపి, గుమ్మంలోనే నిలబడింది.

"రాననుకున్న. వాడకట్టంత మాడు వాసనొస్తుంటె, ముసలాయన ఇల్లు గాలవెట్టుకుంటుండేమొ అని వచ్చిన."

"మాడలే."

"మరి గిదేంది?" గిన్నెలోంచి ఒక పెచ్చు తీసి నోట్లో వేసుకుంది. చప్పరించింది. ముఖం అదోలా పెట్టింది. "బావ, నిమ్మకాయ వేసినవా?"

"మీ అక్క పిండేది గద. నేనే కోసిచ్చేది."

"ఎప్పుడు?"

"ఎప్పుడంటె... పాకం పట్టినప్పుడు."

"ఏ పాకం బావ? దసరకు జామూన్లు జేసినప్పటి పాకం. ఆ పాకం పలుకెక్కొద్దని పిండుతరు నిమ్మకాయ. పేర్ల పాకంల నిమ్మకాయ వేసెటోన్ని నిన్నే సూస్తున్న." ఆమె నవ్వడం మొదలుపెట్టింది. మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత ఆపుకోలేక గోడకానుకుని కూర్చుండిపోయింది. అక్క పోయాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. "గట్టివడొద్దని మందు వెట్టి, గట్టివడుతలేదని ఏడుస్తున్నడు."

"ఏడుస్తలేను" అన్నాడు కనకరాజు. కానీ అతనికీ నవ్వొచ్చింది. దసరా పొయ్యి, కాముని పున్నమి పొయ్యి అతని తలలో ఒకటైపోయాయి. పున్నమి పొయ్యి దగ్గర అతనెన్నడూ లేడు మరి. పులుపు తగిలితే చక్కెర విరిగిపోయి, మళ్ళీ ఒకదాని పక్కన ఒకటి చేరలేదు. ఆ సంగతి విజయభాస్కర్ ఏదో మాటల్లో చెప్పినట్టు ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావలసింది మొన్న.

ఉప్పలమ్మ లేచి అచ్చును చేతిలోకి తీసుకోబోయి, తాకకుండానే ఆగిపోయింది. వంగి చూసింది. "వీటికేమైంది? గింత సాఫుగున్నయేంది?"

"కడిగిన."

"కడిగినవా?"

"వేన్నీళ్ళతోని. పాత చక్కెర వట్టి ఉండె గాడులల్ల."

"బావ, అక్క అచ్చులు కడుగంగ నువ్వెప్పుడన్న సూసినవా? పొడిబట్టతోని తుడిసి మూట గడ్తుండె, అంతే. మా నాయిన జెప్పిండు, ఆ పొట్టు ఉంటెనే కొత్త పాకం జల్ది వట్టుకుంటదని."

కనకరాజు అచ్చు తీసుకుని గాడిలో వేలు పెట్టి తడిమాడు. చెక్క నున్నగా, ఖాళీగా తగిలింది. పోయిన ఏడు ఆమె పోసిన పాకం తాలూకు పొడి అది. అంతకు ముందు ఏళ్ళవీ. ఆ అడుగున ఎక్కడో మామ పోసినవీ ఉండొచ్చు. వేడినీళ్ళు పోసి, గీకి, మోరీలోకి వదిలాడు. పని బాగా చేశానని కిటికీ దగ్గర నిలబడి చూసుకున్నాడు కూడా.

"మీ అక్కది వోయింది గదనే ఉప్పలమ్మా" అన్నాడు.

పొయ్యి మీద నీళ్ళు సలసలా మరిగాయి. "పొట్టే వోయింది బావ" అంది మెల్లగా. "లేకున్న పడ్తది. తెడ్డుతోని రుద్దుడు ఎక్కువైతది, గంతే. నిమ్మకాయ అవతల పారెయ్యి. చక్కెర పొయ్యి."

"నువ్వు పోస్తవా?"

"నేను ముట్ట. ఏడాది ఎల్లేదాక నేను ముట్టనని మొన్ననే అన్న గద. నోటితోని జెప్త. నువ్వే జెయ్యి."

ఉప్పలమ్మ పట్టుదల ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. ఆమె పీట వేసుకుని పొయ్యికి కాస్త దూరంగా కూర్చుంది. అతను పాలు పోసి తెట్టు తీశాడు, ఒక్కసారే వడగట్టాడు, మరిగించాడు. చెంచాతో తీసి పళ్ళెంలో చుక్క వేస్తే ఆమె మెడ సాచి చూసి, "ఇంక కానియ్యి" అంది. మళ్ళీ వేశాడు. "ఆఁ, దించు. కదపకు. జర ఆవిరి పోనియ్యి."

పాకం తేటగా, కదలకుండా కడాయిలో నిలబడింది. ఆ వేడిలో ఆ కాసిన్ని నీళ్ళు ఎంత చక్కెర మోస్తున్నాయో కనకరాజుకు తెలుసు. చల్లారేకొద్దీ మోయలేవు. అయినా వెంటనే వదలవు. ఏదైనా మొదలుపెడితే గానీ వదలవు. చలికాలంలో సీసా అడుగున మెరిసిన సూదులు ఇక్కడా పొంచి ఉన్నాయి. జీవితమంతా వాటిని రానివ్వకుండా కాపలా కాశాడు. ఇప్పుడు వాటిని పిలవాలి.

"తెడ్డు తీస్కొని అంచుకు రుద్దు" అంది ఉప్పలమ్మ.

అతను చెక్క తెడ్డు ముంచి, కడాయి అంచున మెల్లగా ఒకసారి రాశాడు.

"దేవునికి గంధం రుద్దుతున్నవా? గట్టిగ రుద్దు."

గట్టిగా రుద్దాడు. కొంచెం పాకం అంచుకు ఎక్కి, తెడ్డు కింద నలిగి, మళ్ళీ జారింది. చెయ్యి నొప్పి పుట్టింది. ఏమీ జరగలేదు. కడిగిన అచ్చుల గురించి మళ్ళీ మనసులో మెదిలింది. రుద్దుతూనే ఉన్నాడు. అంతలో తెడ్డు తిరిగిన చోట సన్నగా తెల్లటి గీత కనిపించింది. మొదట వెలుతురు అనుకున్నాడు. గీత పొగలా సాగి, పాకంలోకి దిగి, పాలు విరిగినట్టు మెల్లగా పాకడం మొదలుపెట్టింది. తేట పోతోంది. అతని చెయ్యి తనంతట తానే ఆగిపోయింది.

"ఎందుకాపినవ్?"

"మబ్బు వట్టింది."

"పట్టనియ్యి. గదే కావాలె. పొయ్యి, పొయ్యి, జల్ది పొయ్యి, లేకుంటె కడాయిలనే రాయైతది."

అతను కడాయి ఎత్తాడు. మొదటి అచ్చులో సగం లోపల, సగం బయట పడింది. రెండో అచ్చుకు చెయ్యి కుదిరింది. మూడోది నిండింది. చివరిదాని దగ్గరికి వచ్చేసరికి పాకం ముద్దగా దిగింది, కొంత కడాయికే కరుచుకుని నిజంగానే రాయైంది. వేళ్ళ మీద రెండు చోట్ల కాలింది. నీళ్ళలో చెయ్యి పెట్టుకుంటూ అచ్చుల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"కూసో బావ. నిలవడ్డంత మాత్రాన జల్ది గాదు" అంది ఉప్పలమ్మ. తర్వాత గిన్నెలోని గాజు పెచ్చులు చూపించి, "ఇవి నీళ్ళల్ల ఏసి శర్బతు జేస్కో. నిమ్మకాయ పిండుడు తప్పింది" అంది.

విప్పేటప్పుడు ఆమె దగ్గరికి వచ్చి నిలబడింది, చేతులు వెనక్కి కట్టుకుని. మొదటి అచ్చులోది తునకలైంది. రెండోదాని తాళ్ళు విప్పి, పైచెక్కను మెల్లగా తడితే, టక్కున వదిలింది. లోపల పువ్వులన్నీ వరసగా, దారానికి పట్టుకుని. బజారు పేర్లంత తెల్లగా లేవు, కాస్త గోధుమరంగు తిరిగాయి. ఒకచోట రేకు విరిగింది, ఒకచోట గాలి బుడగ. కనకరాజు దారం పట్టి పైకెత్తాడు. వెలుతురు అవతలికి పోలేదు. లోపలంతా పలుకే.

ఉప్పలమ్మ కళ్ళు తుడుచుకుని, "దండేనికెయ్యి, గాలికి ఆరాలె" అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

పున్నమి నాడు కనకరాజు స్టీలు డబ్బాలో దండ పెట్టుకుని బోడుప్పల్ ఆటో ఎక్కాడు. మేడిపల్లి దారి పొడవునా రంగులు పూసుకున్న కుర్రాళ్ళు బండ్లకు అడ్డం పడుతున్నారు. ఒడిలో డబ్బాను రెండు చేతులతో కప్పుకున్నాడు. అల్లుడు కళ్యాణ్ ఇంతవరకూ ఏమీ చెప్పలేదు. వద్దంటే ఏం చెయ్యాలో దారంతా ఆలోచించాడు. డబ్బా శిరీషకు ఇచ్చి, మాట్లాడకుండా వచ్చెయ్యాలి. పిల్ల మెడలో పడకపోయినా ఇంట్లో ఉంటుంది.

తలుపు తీసింది వియ్యపురాలు మల్లవ్వ. లోపల గోడకు తెల్లటి బజారు పేర్లు వేలాడుతున్నాయి. పాప శిరీష ఒళ్ళో ఉంది, మెడ నిలబెట్టి వచ్చినాయన వైపు చూస్తోంది. కనకరాజు గడప దగ్గరే నిలబడ్డాడు.

"రా అన్న, ఆడనే నిలవడ్డవేంది?"

"ఏం లే చెల్లె. మా ఇంట్ల ఏడాది ఎల్లలే. మీరేమనుకుంటరో అని. కళ్యాణ్‌ను అడిగితె అమ్మనడిగి చెప్తా అన్నడు, మళ్ళ చెప్పలే."

మల్లవ్వ లోపలికి తిరిగింది. "అరే కళ్యాణ్, మీ మామకు చెప్పలేదార?"

లోపల్నుంచి రంగు పూసిన ముఖంతో కళ్యాణ్ వచ్చాడు. తల గోక్కున్నాడు. "మర్సిపోయిన మామా. అమ్మ ఆ రోజే తెమ్మన్నది."

"సూసినవా అన్న, గిది వీని పని. ఒదినె బతికుంటె తెస్తుండె గద. ఆమె బదులు నువ్వు తెస్తె వద్దంటనా? గోడకున్నయి మా వాడకట్టు పిల్లలకు తెచ్చినయి. పాప మెడల ఇంక ఏం వెయ్యలే, నీకోసమే సూస్తున్నం."

కనకరాజు డబ్బా తెరిచాడు. కాలిన వేళ్ళతో దారం ముడి విప్పడం కుదరలేదు, శిరీష విప్పింది. పాప మెడ చుట్టూ వేసి వెనక వదులుగా కట్టాడు. పాప కిందికి చూసింది. రెండు చేతులతో ఒక పువ్వును పట్టుకుని తిన్నగా నోట్లోకి లాక్కుంది. పళ్ళు లేని చిగుళ్ళతో పట్టి, చప్పరించి, కళ్ళు పెద్దవి చేసింది. చొంగ కారి గదవ మీద మెరిసింది. కాసేపటికి ఆ పువ్వు రేకుల అంచులు కరిగి గుండ్రంగా అయ్యాయి. మల్లవ్వ పైటకొంగుతో పాప గదవ తుడిచింది.

విరిగిన తునకలు డబ్బా అడుగున ఉన్నాయి. శిరీష ఒకటి తీసి నోట్లో వేసుకుని, చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పింది. కనకరాజు బిడ్డ ముఖమే చూస్తున్నాడు.

"అమ్మ జేసినట్టు లేదు బాపు" అంది చివరికి.

"ఉండది బిడ్డ."

"అమ్మది నోట్ల వెట్టుకుంటె విడిపోతుండె. గిది గట్టిగున్నది."

"రుద్దుడు జర ఎక్కువైంది. ఎప్పుడాపాల్నో తెల్వలే."

శిరీష ఇంకో తునక తీసుకుంది. "వచ్చే ఏడు నేనొస్త. నేను సూస్త, నువ్వు రుద్దు" అంది.

"పాపను గూడ తీస్కరా" అన్నాడు కనకరాజు. "నడుస్తుంటది అప్పటికి. పొయ్యి కాడికి రాకుండ ఒకలు పట్టుకోవాలె."